రేపటి సంతకం

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి సాగరతరంగం అపార్ట్‌మెంట్స్ ఆడవాళ్లు పదకొండుమంది, చేతిలో పెరుగన్నం డబ్బాలతో, చంకలో ఎవరి దిండు గలేబు వాళ్లు పెట్టుకుని కాకినాడ జీవాశ్రయం ముందు ట్రామ్ దిగారు. కుక్కని పెంచుకునే ఉద్దేశం వాళ్లలో ఒక్కరికీ లేదు. కునుకు తీసే ఉద్దేశం మాత్రం అందరికీ ఉంది.

కలవల వచ్చి పన్నెండేళ్లయింది. సాలెగూడంత పల్చటి వల. నిద్రపోతున్న ఇద్దరి తలలమీద చెరొకటి వేస్తే ఒకరి కల రెండోవారికి వస్తుంది. దీనివల్ల మనుషులు ఒకరినొకరు బాగా అర్థం చేసుకుంటారని కనిపెట్టినవాళ్లు ఆశపడ్డారు. నిజంగానే అర్థం చేసుకున్నారు. ఆరునెలలు తిరక్కుండా కుటుంబ న్యాయస్థానాల్లో కూర్చోడానికి కుర్చీలు చాలలేదు. అప్పుడు ప్రభుత్వం చట్టం తెచ్చింది: మనిషి కలని మరో మనిషి చూడకూడదు. ఇంట్లో పెంచుకునే జంతువు కుటుంబ సభ్యుడితో సమానం కాబట్టి దాని కలా చూడకూడదు.

ఇక మిగిలినవి ఎవరికీ చెందని జంతువులు.

ఆశ్రయాలకి అది కలిసొచ్చింది. పూర్వం జనం ఫొటో చూసి కుక్కని తీసుకెళ్లి, ఫొటోలో ఉన్నంత బుద్ధిగా లేదని వారానికే వెనక్కి తెచ్చేవారు. ఇప్పుడు ముందే దాని కల చూడొచ్చు. ఉరుముకి భయపడేదేదో, పసిపిల్లల వెంట తిరగాలనుకునేదేదో కలలో తెలిసిపోతుంది. పెళ్లిచూపుల్లాంటిదే. కాకపోతే ఇక్కడ పెళ్లికూతురు అబద్ధం ఆడదు.

అయితే కుక్క కల ఎంత హాయిగా ఉంటుందో ఎవరూ ముందుగా ఊహించలేదు. అందులో హాల్‌టికెట్ మర్చిపోయిన పరీక్ష ఉండదు. పైఫ్లోర్ వాళ్ల నీళ్ల మోటారు ఉండదు. తోడికోడలు ఉండదు. అరగంట కుక్క కల వస్తే మోకాళ్ల నొప్పి కూడా తగ్గుతోందని ఊరంతా పాకిపోయింది. ఆశ్రయంలో కునుకుశాల కట్టారు, ముప్ఫై మంచాలు వేశారు. రెండు నుంచి మూడు దాకా కాకినాడలో ట్రాములు గంట కొట్టడం మానేశాయి. బండిమీద ద్రాక్షపళ్లు నాలుగు నోట్లో వేసుకుని, పులుపని చెప్పి వెళ్లిపోవడం తెలిసిన జాతికి ఈ ఏర్పాటు ఎవరూ నేర్పక్కర్లేదు.

"మీరేదైనా చూసుకుంటున్నారాండీ?" అని ఆశ్రయం చూసుకునే ఎస్తేరు అడిగితే, పదకొండుమందీ ఒకటే మాట అనేవారు. "చూస్తున్నాం కదమ్మా. రేపు చెప్తాం."

ప్రత్యూష గారు ఈ గుంపులో చేరి రెండు నెలలైంది. అరవైఒక్కేళ్లు, లెక్కల టీచరుగా రిటైరయ్యారు. కుక్కలంటే పడదు. మొదటిరోజు పక్కింటి హారిక గారు లాక్కొస్తే వచ్చారు. మంచానికి ఇంటినుంచి తెచ్చిన దుప్పటి పరిచి, దాని మీద ఇంకో దుప్పటి పరిచి, ఖాళీగా ఉన్న వల ఏదైతే అది వెయ్యమన్నారు. ఆ రోజు ఖాళీగా ఉన్నది తాసిల్దారు వల. తాసిల్దారు గోధుమరంగు ముసలికుక్క. ఎడమచెవి సగం లేదు. వచ్చినవాళ్లందరినీ అర్జీ తెచ్చారా అన్నట్టు చూస్తుంది గనక ఎస్తేరు దానికా పేరు పెట్టింది.

కళ్లు మూసుకున్నారు.

కుక్క కలలో రంగులు తక్కువ. కొంచెం నీలం, కొంచెం పసుపు, తక్కినదంతా తెల్లవారుజామున మంచులో కనిపించే రోడ్డులా ఉంటుంది. దారులన్నీ వాసనలతో ఏర్పడతాయి. సముద్రం కనిపించదు, కడుపు కింద ఇసుకలో నెమ్మదిగా ఊపిరి తీస్తుంటుంది. ప్రత్యూష గారు ఆ ఇసుకలో పడుకుని ఉన్నారు. పక్కన ఒక సిమెంటు బెంచీ కొండంత ఎత్తున ఉంది. ఎక్కడినుంచో చెప్పుల చప్పుడు వస్తోంది. ఒక అడుగు పడుతోంది, రెండోది కొంచెం ఈడుస్తోంది. ఆ చప్పుడుకి వెన్నెముక చివర ఏదో తనంతట తనే ఊగడం మొదలుపెట్టింది. ఆమెకి తోక ఉంది. దానికి ఆమె ఆశ్చర్యపోలేదు.

వాసన ముందొచ్చింది. నీలగిరి తైలం, ఇంగువ, ఎండలో ఆరిన చొక్కా. ఆ చొక్కా ఉతికింది ఆవిడే.

మనిషి బెంచీ మీద కూర్చున్నాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టు గొణగొణమంది. కుక్కకి తెలిసిన మాటలే కలలో స్పష్టంగా వినిపిస్తాయి, తక్కినదంతా గొణుగుడే. 

"...బంగారూ... దా... తిను..."

ఒక చెయ్యి కిందకి వచ్చింది. అందులో సగం మిరపకాయ బజ్జీ.

ప్రత్యూష గారు దిగ్గున లేచి కూర్చున్నారు. కునుకుశాలలో పదిమంది ఉలిక్కిపడి లేచారు.

"బజ్జీ తిన్నాడు!" అన్నారావిడ.

"ఎవరండీ?" అంది ఎస్తేరు పరిగెత్తుకొచ్చి.

"మా ఆయన! రోజూ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు నడుస్తున్నానని చెప్పాడు. షుగరుందని నేను రాగిజావ కాచి ఇస్తే, మారుమాట్లాడకుండా తాగి, బీచ్‌కెళ్లి బజ్జీ తిన్నాడు!"

ఆయన పేరు వంశీధర్. పోయి తొమ్మిది నెలలైంది. ఆయన పోయాక ఈ కుక్క మూడు నెలలు ఆ బెంచీ దగ్గరే కూర్చుంటే, చూడలేక బజ్జీల బండామె ఆశ్రయానికి ఫోన్ చేసిందని ఎస్తేరు చెప్పింది.

ప్రత్యూష గారు కళ్లద్దాలు తుడుచుకుని, కుక్కని మొదటిసారి పరీక్షగా చూశారు. "దీన్ని బంగారూ అంటున్నాడు," అన్నారు. "ముప్ఫైనాలుగేళ్లు నన్ను 'ఇదిగో' అన్నాడు తప్ప ఇంకో మాటనలేదు."

మర్నాడు హారిక గారికంటే ముందే ట్రామెక్కారు.

ఆ తర్వాత రోజూ రెండింటికి ప్రత్యూష గారు ఇసుకలో పడుకోవడం, చెప్పుల చప్పుడు రావడం. ఒకరోజు ఆయన ఈల వేశాడు. ఆయనకి ఈల వచ్చని ఆవిడకి తెలియదు. ఒకరోజు వాన పడింది. ఆయన చేతిరుమాలు తీసి ముందు కుక్క తల తుడిచి తర్వాత తన తల తుడుచుకున్నాడు. ఆ రుమాలుకి కుక్క వాసన ఎందుకొస్తోందని ఒకప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. ట్రామ్‌లో ఎవరి కుక్కో ఒళ్లు దులుపుకుందని ఆయన చెప్పాడు. ఆవిడ నమ్మారు కూడా.

వెళ్లేముందు ఆయన ప్రతిసారీ వంగి ఒక మాట చెప్పేవాడు. కలలో అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది అదే.

"రేపు."

కుక్కకి ఆ మాట బాగా తెలుసు. ఆ మాటంటే వెనకాల వెళ్లక్కర్లేదని అర్థం. ఇక్కడే కూర్చుంటే చాలు.

చిక్కేమిటంటే, ప్రత్యూష గారు తాసిల్దారుని ఇంటికి తీసుకెళ్తే అది కుటుంబ సభ్యుడైపోతుంది. ఆ క్షణం నుంచి దాని కల చూడటం నేరం. ఇంకెవరైనా తీసుకెళ్లినా అంతే. లెక్కల టీచరు కాబట్టి రెండు దారుల్లోనూ చివరికి సున్నాయే వస్తోందని ఆవిడ వెంటనే గ్రహించారు.

ఇంతలో బాలాజీచెరువు వైపు నుంచి ఒక జంట వచ్చింది. వాళ్ల దగ్గర రెండు పేజీల జాబితా ఉంది. కుక్క మొరగకూడదు, దొంగలొస్తే మాత్రం మొరగాలి. వెంట్రుకలు రాల్చకూడదు. అత్తగారి మడికి అడ్డం రాకూడదు. ముసలిదైతే పెద్దగా కదలదు గనక తాసిల్దారు వాళ్లకి నచ్చేసింది. ఎస్తేరు ముఖం వెలిగింది. పత్రాలు తేవడానికి లోపలికి వెళ్లింది.

ప్రత్యూష గారు ఆ భార్యామణి పక్కకి చేరారు.

"మీది తూర్పు ముఖం ఇల్లాండీ?"

"అవునండీ. ఏం?"

"ఏం లేదులెండి. ఇది ఎటు తిప్పి పడుకోబెట్టినా తల నైరుతికే పెడుతుంది. నేను రోజూ చూస్తున్నా కదా. మనకెందుకులే అనుకున్నా, మీరు మంచివాళ్లలా కనిపించారు గనక చెప్తున్నా."

ఎస్తేరు పత్రాలతో వచ్చేసరికి ఆ జంట తాబేలు ఉందా అని అడుగుతోంది.

వాళ్లు తాబేలుతో వెళ్లిపోయాక ఎస్తేరు ప్రత్యూష గారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నైరుతా అండీ?"

ఆవిడ దుప్పటి మడత సరిచేసుకున్నారు.

"మేడమ్ గారండీ, నేనూ పొట్టకూటికి ఈ పని చేసేదాన్నే గానీ, నాకూ కళ్లున్నాయండి. ముసలికుక్కని అడిగినోళ్లు ఏడాదిలో ఈళ్లొక్కరేనండి. మీకు కావాలంటే మీరు తీసుకెళ్లండి. ఒద్దంటే ఒదిలెయ్యండి. మధ్యలో దాన్ని పట్టుకుని ఊగుతారేంటండీ?"

"నేను తీసుకోనని ఎప్పుడన్నానమ్మా? ఆలోచించుకోవాలి కదా. అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ ఉంది, లిఫ్టు ఉంది..."

"సరేనండి. అయితే ఇక్కడ రాయండి." ఎస్తేరు ఒక కాయితం ముందు పెట్టింది.

దాన్ని రేపటి సంతకం అంటారు. ఎవరైనా తేల్చుకోలేకపోతే ఆ జంతువుని వాళ్లకోసం ఒక్కరోజు ఆపి ఉంచుతారు. ఆ రోజు ఇంకెవరికీ చూపించరు. మర్నాడొచ్చి మళ్లీ సంతకం పెట్టొచ్చు. ఎన్నిసార్లు పెట్టొచ్చో నిబంధనల్లో రాయలేదు. ఒక మనిషి ఒకే కుక్క గురించి రెండోసారి కూడా తేల్చుకోలేకపోతాడని రాసినవాళ్లు అనుకోలేదు. వాళ్లు బహుశా మనవైపు వాళ్లు కారు.

ప్రత్యూష గారు నలభై సంతకాలు పెట్టారు.

మూడు గంటలకి లేచి, దుప్పట్లు రెండూ మడిచి, కాయితం మీద సంతకం చేసి, గుమ్మం దగ్గర ఎస్తేరుతో "రేపు చూద్దాంలే" అనేవారు. ఎస్తేరు తలూపేది. ఎవరి పని వాళ్లది. తాసిల్దారు మాత్రం గేటుదాకా వచ్చి, అక్కడే చతికిలబడి, ట్రామ్ మలుపు తిరిగేదాకా చూసేది. మలుపు తిరిగాక కూడా చూస్తూనే ఉండేది.

నలభై ఒకటో రోజు ఎస్తేరు ఆవిడ డబ్బా వైపు చూస్తూ, "తాసిల్దారు మూడ్రోజులనుంచి సరిగా తినట్లేదండి. కునుకు టైములో తప్ప గేటు కాడినుంచి లెగట్లేదు," అంది.

"వయసైపోయింది కదా."

"వయసు మొన్న మంగళవారం వచ్చిందాండీ?"

ప్రత్యూష గారు వెళ్లి పడుకున్నారు.

ఇసుక. మంచు. కడుపు కింద సముద్రం. బెంచీ ఎప్పటికంటే ఎత్తుగా, పల్చగా, అవతలి వెలుతురు కనిపించేలా ఉంది. ఆవిడ చెప్పుల చప్పుడు కోసం చెవి నిక్కించారు. చాలాసేపటికి చప్పుడు వచ్చింది. కానీ ఈడ్చే అడుగు కాదు. గబగబా, పొట్టిపొట్టి అడుగులు. వాసన వచ్చింది. నీలగిరి తైలమే. దాని వెనక పెరుగన్నం, కరివేపాకు, ఇస్త్రీ చేసిన దుప్పటి, ఎన్నో ఏళ్ల సుద్దముక్క పొడి.

వచ్చిన మనిషి కూర్చోలేదు. చెయ్యి కిందకి రాలేదు. నీలంగా ఒక చీర అంచు గాలిలో ఊగి దూరమైంది. పైనుంచి ఒక గొంతు గొణగొణమంటూ ఏదో చెబుతూ వెళ్లిపోతోంది. అంత గొణుగుడులో ఒక్క మాట మాత్రం గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు వినిపించింది.

"రేపు."

గొంతు తనదే.

ఇసుకలో కూర్చోమని ఆ మాటకి అర్థం. కదలకూడదని. మొదటి మనిషి ఆ మాట చెప్పి వెళ్లి రాలేదు. అయినా మాట మాటే. ఆవిడ ఆ కలలో, సగం చెవితో, ఊరకే కూర్చున్నారు. ఆకలి వేసింది. లేచి వెళ్లాలనిపించలేదు.

కళ్లు తెరిచేసరికి రెండుంబావు. చుట్టూ అందరూ నిద్రలో ఉన్నారు. హారిక గారి ఒక కాలు మెల్లగా ఏదో గోకుతోంది. ప్రత్యూష గారు వల తీసేసి, దుప్పటి మడవకుండానే ఎస్తేరు బల్ల దగ్గరికి నడిచారు.

ఎస్తేరు అలవాటుగా రేపటి సంతకం కాయితం తీసింది.

"అది కాదు," అన్నారావిడ. "రెండోది ఇవ్వు."

ఎస్తేరు పెంపకం పత్రం తీసి చేతిలోనే ఉంచుకుంది. "మేడమ్ గారండీ... రెండోది పెడితే మళ్లీ వల వెయ్యడానికి ఉండదండి. సారు ఇంక..." 

"తెలుసమ్మా."

"ఆఖరుసారి ఇంకొక్కసారి చూసుకుంటారా? మూడింటిదాకా టైముందండి."

ప్రత్యూష గారు గేటు వైపు చూశారు. తాసిల్దారు నిద్రలేచి వల దులుపుకుని, అప్పుడే వెళ్లి గేటు దగ్గర తన చోట్లో కూర్చుంది. వీపు ఇటు, ముఖం ట్రామ్ మలుపు వైపు.

"ఆయన్ని చూడాలని నాకుంది," అన్నారావిడ. "దానిక్కూడా ఉంది. ఇద్దరం ఒకేచోట కూర్చోవచ్చు కదా. పెన్ను ఇవ్వు."

అసోసియేషన్ వాళ్లు లిఫ్టులో కుక్క ఎక్కకూడదన్నారు. ప్రత్యూష గారు నాలుగంతస్తులు మెట్లెక్కడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పి ఆ వారం పెరిగి, ఆ తర్వాత ఆవిడ దాని సంగతి మర్చిపోయారు. పొద్దున్నే ఇద్దరూ బీచ్‌కి వెళ్తారు. బజ్జీల బండామె అడక్కుండానే ఒకటి సగానికి తుంచి ఇస్తుంది. ఒక సగం బంగారానిది. రెండో సగం ఇంతకాలం షుగరు, నూనె అంటూ మొగుణ్ని సతాయించిన మనిషి తింటారు. బయటికి ఏ పనిమీద వెళ్లినా గుమ్మంలో వంగి, "గంటలో వస్తా" అని చెప్పి, యాభై నిమిషాలకే వచ్చేస్తారు.

"కునుక్కి రావడం మానేశారేంటండీ?" అని హారిక గారు అడిగారు. "తీసుకెళ్లి నష్టపోయారు. మేం చూడండి, హాయిగా ఇంకా ఆలోచిస్తున్నాం."

మధ్యాహ్నం రెండింటికి ట్రాముల గంటలు ఆగిపోయాక, హాల్లో కింద చాప వేసుకుని ప్రత్యూష గారు గోడకి ఆనుకుని కూర్చుంటారు. చాప మీద కుక్క నిద్రపోతుంటుంది. ఆ నిద్రలో ఏం జరుగుతోందో చూడటం చట్టప్రకారం నేరం. ఆవిడ చూడరు. 

ఒకరోజు దాని తోక నేలమీద కొట్టుకుంది. కాసేపు ఆగి మళ్లీ కొట్టుకుంది. ముక్కుపుటాలు అదిరాయి. సగం చెవి లేచింది. ఎవరో దూరంనుంచి వస్తున్నారు.

ప్రత్యూష గారు చప్పుడు కాకుండా పక్కకి జరిగి, చాప మీద ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలారు.