లాటుగారి గదిలో పంఖా

కొల్లేటి గట్టు మీదున్న లాటుగారి బంగళాకి, అంటే గవర్నర్ల విడిదికి, మంచి పేరు లేదు. పగలు గొడ్లు కాసుకునేవాళ్ళు దాని వరండాలో చద్దన్నం తింటారు గానీ, పొద్దు వాలాక ఆ ప్రహరీ పక్కన బీడీ వెలిగించుకోడానికి కూడా ఆగరు. రోజూ కాదు... తూర్పు గదిలో పరుపు మీద కొత్త దుప్పటి పరిచిన రోజునే. ఎవరో పెద్దాయన వస్తారని గది సర్దారంటే చాలు, ఆ రాత్రి లోపల్నుంచి చప్పుడు వస్తుంది — కిర్రు... కిర్రు... ఎవరో తాడు లాగుతున్నట్టు.

ఆ దెయ్యం ఎవరిదనే విషయంలో ఊళ్ళో పెద్ద తగువే ఉంది. మద్రాసు గవర్నర్లు కాలువ మీద పడవల్లో బాతుల వేటకి వచ్చేవారు గదా, వాళ్ళలో ఒక దొర ఇక్కడే జ్వరం తగిలి పోయాడని కొందరంటారు. కాదు, దొరలు వెళ్ళాక ఖద్దరు కట్టుకుని వచ్చిన గవర్నరని ఇంకొందరంటారు. మొత్తానికి, గవర్నర్ల బంగళా గనక దెయ్యం కూడా గవర్నరే అయ్యుండాలని అందరూ తీర్మానించేశారు. అక్కడ వేరే మనుషులు కూడా ఉండేవారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నిత్యానందం ఆ బంగళాకి వాచ్‌మన్. కాంట్రాక్టు ఉద్యోగం. ఊడ్చేదీ, నీళ్ళు పట్టేదీ, తాళం వేసేదీ అతనే. హాలు గోడ మీద వరసగా గవర్నర్ల ఫోటోలుంటాయి. ముందు మీసాల దొరలు, తర్వాత మద్రాసు రాష్ట్రం నాటివాళ్ళు, కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి ఆయన, ఆ పైన హైదరాబాదు వాళ్ళు. వాళ్ళలో ఇక్కడికి నిజంగా వచ్చినవాళ్ళు తక్కువ, వస్తారని గది సర్దించినవాళ్ళే ఎక్కువ. రాజ్యం మారింది, రాజధాని మారింది, ఒక్కటి మాత్రం మారలేదు. వస్తున్నారన్న కబురు పరుగెత్తుకుంటూ వస్తుంది. రావటం లేదన్న కబురు చెప్పటం ఎవరికీ గుర్తుండదు.

రెండువేల ఎనిమిది, మార్చి నెల. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించేసి రెండేళ్ళవుతోంది. పక్షుల్ని చూడ్డానికి గవర్నరు గారు రావచ్చని పైనుంచి కబురొచ్చింది. ఇంజనీరు అచ్యుతరావు గారు కంగారుపడిపోయి గోడలకి రంగులు వేయించి, తూర్పు గదిలో పరుపు మీద కొత్త దుప్పటి పరిపించారు. అంతటితో ఊరుకోక, అటక మీద పడున్న పాత పంఖాని దింపించి, ఆ గుడ్డకి కొత్త అంచు కుట్టించి, కరెంటు ఫ్యాను పక్కనే దూలానికి వేలాడదీయించారు. వెనక వరండాలో మనిషి కూర్చుని, గోడ కన్నంలోంచి తాడు లాగితే ఊగే పంఖా అది. ఇప్పుడు లాగేవాళ్ళెవరు? అలంకారానికే. పాతకాలం వస్తువంటే పెద్దవాళ్ళు ముచ్చటపడతారని ఆయన నమ్మకం.

గవర్నరు గారు వస్తారన్న రోజు పొద్దు వాలినా ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం నిత్యానందం ప్రాణం ఉసూరుమంటోంది. భార్య దానమ్మ ఏలూరు పెద్దాసుపత్రిలో ఉంది. కడుపులో గడ్డ, పొద్దున్నే ఆపరేషన్. కూతురు పెర్సిస్ తోడుంది గానీ, మత్తిచ్చేలోపు ఒక్కసారి మీరు కనిపించండి అని అడిగింది దానమ్మ. ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదామె.

వెళ్ళొస్తానని అచ్యుతరావు గారిని బతిమాలాడు. ప్రోగ్రాం రద్దయిందని ఎవరూ చెప్పలేదనీ, రాత్రికైనా ఎవరో ఒకరు దిగొచ్చనీ, గేటు వదిలితే రేపట్నుంచి ఇక రానక్కర్లేదనీ చెప్పి ఆయన జీపెక్కారు. ఉద్యోగం పోతే దానమ్మ మందుల మాటేమిటి? ఉద్యోగం నిలబడి దానమ్మే పోతే? నిత్యానందం మెట్ల మీద కూలబడ్డాడు.

చీకటి పడింది. కరెంటు పోయింది. ఏలూరు వెళ్ళే ఆఖరి బస్సు ఇంకా రాలేదు. అది వచ్చి వెళ్ళిపోతే ఇక ఏ గొడవా ఉండదని కూడా అనిపించిందతనికి...

కిర్రు... కిర్రు...

వెనక వైపునుంచి.

భయపడే ఓపిక కూడా లేదు. లాంతరు పట్టుకుని వెనక వరండాలోకి నడిచాడు. గోడవార చాప మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో తాడు. లాగుతున్నాడు... వదుల్తున్నాడు. ఇంజనీరు గారు ఏ లంక ఊరి నుంచో కూలికి పిలిపించి ఉంటారనుకున్నాడు నిత్యానందం. తనకో మాట చెప్పాలని ఆయనకెందుకు తోస్తుంది?

"గదిలో ఎవరూ లేరు గదండీ. ఎందుకండీ లాగటం?"

"పరుపు వేశారు గదండీ," అన్నాడు ముసలాయన గుసగుసగా. "వచ్చేసరికి గది చల్లగా ఉండాలండి."

"వస్తారో రారో..."

"ఆపమని ఎవరూ చెప్పలేదండి."

ఈసారి వచ్చేది మద్రాసు నుంచా, కర్నూలు నుంచా అని అడిగాడు ముసలాయన. హైదరాబాదు నుంచని చెబితే, అలాగా అని తలూపాడు. పెద్దతనం, మతిమరుపు అనుకున్నాడు నిత్యానందం. ఆ పక్కనే కూర్చుని, ఎందుకో తెలీకుండానే దానమ్మ సంగతంతా చెప్పేశాడు. పొద్దుట్నుంచీ ఎవరితోనూ చెప్పుకోలేదు పాపం.

తాడు ఒక్క క్షణం ఆగింది.

"మా ఆడమనిషి కూడా... అవతల లంకలో మంచాన పడుందండి. కబురొచ్చింది. తాడు వదిలితే తోలు తీస్తానన్నాడు బట్లరు. తెల్లారాక వెళ్ళనిచ్చారండి."

అతను మళ్ళీ తాడు లాగసాగాడు. 

"మీరెళ్ళండి బాబూ. నేనున్నాను గదా."

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. నిత్యానందం పరుగెత్తాడు.

దానమ్మ స్ట్రెచరు ఎక్కకముందే అతన్ని చూసింది. "వచ్చారా," అంది, అంతే. చెయ్యి పట్టుకుని వదల్లేదు, నర్సు వచ్చి విడిపించేదాకా. సాయంత్రానికి తెలివొచ్చింది. భయం లేదన్నాడు డాక్టరు. ఉద్యోగం పోతే పోయిందనుకుని, ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు తాళాలు అప్పజెప్పడానికి బంగళాకి వచ్చాడు.

అచ్యుతరావు గారు గడ్డం మాసిపోయి మెట్ల మీదే ఉన్నారు. తిట్టలేదు. తిట్టే ఓపిక ఆయనకీ ఉన్నట్టు లేదు. మొన్న రాత్రి నిత్యానందం బస్సెక్కిన కాసేపటికే గవర్నరు గారి ఆఫీసు మనిషి ఒకాయన కారులో దిగాడట, గవర్నరు గారు రావటం లేదని చెప్పడానికి. కబురంది అచ్యుతరావు గారూ జీపులో తిరిగొచ్చారు. పొద్దుపోయిందని తూర్పు గదిలో పడుకున్నాడు. తెల్లారేదాకా కరెంటు లేదు గానీ పంఖా మాత్రం ఆగలేదు. ఇంత చల్లగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

"నువ్వు పెట్టి వెళ్ళిన ఆ ముసలాయన వల్ల నీ ఉద్యోగం నిలిచిందయ్యా," అన్నారు అచ్యుతరావు గారు. "నిన్న పొద్దున్న టీ ఇద్దామని చూస్తే మనిషి లేడు. ఆ రాత్రి కిటికీలోంచి ఒక్కటే అడిగాడు..."

"ఏవని సార్?"

"నిత్యానందం గారు వాళ్ళావిడ దగ్గరికి వేళకి చేరారా అండీ, అని. నాకేం తెలుసు, నువ్వు లాగు అన్నాను." ఆయన కళ్ళు నులుముకున్నారు. "పంఖా ఇంకా ఊగుతూనే ఉంది చూడు. గాలికి కాబోలు."

చెట్టు మీద ఆకు కదలటం లేదు.

నిత్యానందం వెనక వరండాలోకి వెళ్ళాడు. పట్టపగలు. చాప లేదు. తాడు లేదు. తాడు రావడానికి గోడలో కన్నమూ లేదు... కరెంటు వచ్చిన కాలంలోనే దాన్ని సిమెంటుతో మూసేశారు. ఏటా తనే సున్నం వేసే గోడ అది. కిటికీలోంచి చూస్తే, పంఖా తాడు గది లోపలే మేకుకి కట్టేసి ఉంది.

 కాళ్ళు పారిపొమ్మన్నాయి. ఐనా నిలబడ్డాడు. గోడకి దగ్గరగా జరిగి, లోపల నిద్రపోయేవాళ్ళు లేవకుండా చెప్పినట్టు, మెల్లగా అన్నాడు.

"వేళకి చేరానండీ. బతికిందండీ మా ఆవిడ... గవర్నరు గారు రావటం లేదండీ. ఇంకెవరూ రారు. మీరిక ఆపేసి ఇంటికెళ్ళండి."

లోపల ఒక్కసారి కిర్రుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

నిత్యానందం ఆ గోడకి తల ఆనించి ఏడ్చాడు.