తొంభై మూడులోంచి ఏడు

"తువ్వాళ్ళు రెండు సరిపోవమ్మాయ్, నాలుగు పెట్టు. నా కళ్ళజోడు పెట్టావా? ఎర్ర పెన్సిలు?"

"పెట్టానత్తయ్యా. మీరు అడగడం ఇది మూడోసారి!"

"అయితే నాలుగోసారీ అడుగుతాను. సర్దుతున్నది నువ్వు కదా!"

కోడలి చేతిలోని దువ్వెన జారి నేల మీద పడింది. వంగి తీసుకుని, కొంగుతో తుడిచి, సంచీ పక్క అరలో పెట్టింది. ఏడాదిగా ఇదే వరస... కళ్ళజోడు కనిపించకపోతే కోడలే ఎక్కడో దాచింది! గిన్నె మాడిపోతే కోడలే మంట తగ్గించలేదు! బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికితే, "ఎవరు పెట్టారో నాకు తెలుసులే" అంటూ ఒక చూపు! ఆ చూపు చూసే బదులు రెండు దెబ్బలు వేసినా బాగుండేది. అన్నిటికన్నా కడుపులో మండేది భర్త మాట. మోటార్లు బాగుచేసే మనిషి, ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. "మా అమ్మ ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషే! ఆవిడ పొరపాటు పడదు. నువ్వే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకో" అనేవాడు. ఎన్నిసార్లని ఏడుస్తుంది? ఏడవడం కూడా అలవాటై, కళ్ళనీళ్ళు అంట్ల నీళ్ళలో కలిసిపోయేవి...

అత్తగారిని ఊరంతా లెక్కల టీచరమ్మ అంటారు. ఆవిడ స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చారు. మళ్ళీ నడక నేర్పడానికి ఆరు వారాలు సంరక్షణ కేంద్రంలో ఉంచమన్నారు డాక్టర్లు. ఆ కేంద్రంలోనే, కాగితాల గదిలో, పదకొండేళ్ళుగా కోడలు పనిచేస్తోంది. ఇల్లు గడిచేది చాలావరకు ఆ ఉద్యోగం మీదే.

"ఆరు వారాలంటే నలభై రెండు రోజులు," అన్నారు అత్తగారు, సంచీ జిప్పు వేస్తుంటే. "నలభై మూడో రోజు నా కాళ్ళ మీద నేను నడిచి ఈ గుమ్మంలోకి వస్తాను. ఎవరూ నన్ను ఎత్తుకుని తేవద్దు. ఎవరూ అయ్యో పాపం అనొద్దు. మనవరాలికి భిన్నాలు నేనొచ్చాకే మొదలుపెట్టాలి. వాళ్ళ నాన్నను మాత్రం చెప్పనివ్వకు. వాడికి అరా, పావూ ఎప్పుడూ ఒకటే!"

కోడలికి నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలో నవ్వించగల మనిషి ఆవిడ. అందుకే ఆవిడ మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు ఆ పిచ్చితల్లికి!

సంరక్షణ కేంద్రంలో నలభై మంచాలు. పొడుగాటి వరండా, ఫినాయిలు వాసన, నడక బండ్ల రబ్బరు కాళ్ళ చప్పుడు. రోజూ పొద్దున్నే కోడలు ఫైళ్ళు చూసి వంటగదికి చీటీలు రాసేది. చీటీ మీద మంచం నంబరు, తిండి... అంతే. జబ్బు పేరు ఉండకూడదు. పన్నెండో మంచం, ఉప్పు తక్కువ. ఇరవై ఆరు, మెత్తగా వండాలి.

"పన్నెండో ఆయనకు ఏమిటమ్మా జబ్బు?" అని వంటాయన ఆరా తీసేవాడు.

"నీకు కావలసింది ఉప్పు డబ్బా. ఆయన గుండెకాయ కాదు."

"అంటే గుండె జబ్బన్నమాట!"

"కాదు, నాకు నీతో తలనొప్పి అన్నమాట!"

అలా నవ్వులాటగానే దాటేసేది. కానీ అది ఆటలాంటి సంగతి కాదని ఆమెకు తెలుసు. రెండేళ్ళ క్రితం ఒక ఆయా బస్సులో ఎవరితోనో, "ఇరవయ్యో మంచం ఆవిడకు రొమ్ములో గడ్డట" అంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి, ఆవిడ కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ ఆయాను ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి పెద్ద నర్సు కొత్తగా చేరే ప్రతి రోగి చేతా ఒక కాగితం రాయించేది, తన సంగతులు ఎవరికి చెప్పవచ్చో వాళ్ళ చేత్తోనే. పనివాళ్ళ చుట్టం ఎవరైనా చేరితే ఆ ఫైలు కాగితాల గదిలో ఉండకూడదు. పెద్ద నర్సు సొంత అల్మరాలో ఉండాలి. పదకొండేళ్ళలో కోడలి నోట ఒక్క మాట జారలేదు. అది ఆమె గర్వం. పెద్ద చదువు లేదు, నగలు లేవు, పుట్టింటి అండ లేదు... ఆ ఒక్క గర్వమే ఉండేది.

మూడో వారంలో ఒక పొద్దున పెద్ద నర్సు పై ఆఫీసుకు వెళ్తూ అల్మరా తాళంచెవి చేతిలో పెట్టింది. "ఇవాళ మీ అత్తగారి తిండి చీటీ కూడా నువ్వే రాసెయ్యి. పై కాగితం ఒక్కటి చూస్తే చాలు. నీకు వేరే చెప్పాలా!"

పై కాగితం చూసింది. చీటీ రాసింది. ఫైలు మూసేయవలసిన చెయ్యి మూయలేదు... రెండో కాగితం మీద అత్తగారి గుండ్రటి అక్షరాలు కనిపించాయి. నా సంగతులు ఎవరికి చెప్పవచ్చు అన్నచోట, ఒత్తి రాసి ఉంది: "ఎవరికీ చెప్పవద్దు. మా అబ్బాయికీ, అమ్మాయికీ, ముఖ్యంగా మా కోడలికీ."

ముఖ్యంగా! పన్నెండేళ్ళు కాళ్ళు పట్టి, తల దువ్వి, జ్వరం వస్తే పక్కన కూర్చున్న మనిషి! ఆ మంటలో మూడో కాగితం కూడా తిప్పేసింది. డాక్టరు రాసిన కాగితం అది. మతిమరుపు వ్యాధి, తొలి దశ. నూరులోంచి ఏడు చొప్పున తీసివేయమన్నాం. తొంభై మూడు అన్నారు. తొంభై మూడులోంచి ఏడు దగ్గర ఆగిపోయి, చాలాసేపు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇంట్లో తెలియనివ్వొద్దని చేతులు పట్టుకుని బతిమాలారు.

ఆ క్షణంలో ఆమెకు జాలి కలగాలి కదా! కలిగింది, కాదనలేం. కానీ జాలి కంటే ముందు ఇంకోటి కలిగింది... అమ్మయ్య, తప్పు నాది కాదు! కళ్ళజోడు నేను దాచలేదు, తాళంచెవి నేను పెట్టలేదు! గుండెల మీంచి బండ దిగినట్టయింది. తరువాత జీవితమంతా ఆమె తలదించుకున్నది ఆ 'అమ్మయ్య' గురించే.

ఆ సాయంత్రం భర్త చేతులకు సబ్బు రుద్దుకుంటూ, "అమ్మ కొత్త శాలువా కనబడలేదంటోంది. సంచీలో పెట్టలేదా ఏమిటి నువ్వు? ఒక్క పనీ సరిగ్గా చేసి చావవు కదా!" అన్నాడు.

అంతే! పదకొండేళ్ళ కట్టు తెగిపోయింది. ఫైల్లో చదివిందంతా, అక్షరం పొల్లుపోకుండా, తొంభై మూడుతో సహా చెప్పేసింది! భర్త సబ్బు చేతులతోనే నేల మీద కూలబడ్డాడు. "మా అమ్మకా... లెక్కల టీచరమ్మకా..." అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్ను ఎన్ని మాటలన్నానే..." అన్నాడు. ఆ మాట కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూసింది. వచ్చింది. వచ్చాక చేదుగా ఉంది.

"ఎవరికీ చెప్పకండి. నా ఉద్యోగం పోతుంది. అది కాకపోయినా, అత్తయ్య పరువు..."

"నాకు తెలీదా!" అన్నాడు. మర్నాడే వాళ్ళక్కకు ఫోన్ చేశాడు. అడిగితే, "అక్క పరాయిదా?" అన్నాడు.

ఆదివారం ఆడపడుచు రానే వచ్చింది. ఏదీ మనసులో దాచుకోలేని మనిషి. నోరు పెద్దది, మనసు మంచిదే. చుట్టాలు కూర్చునే హాలు నిండుగా ఉంది. అత్తగారు నడక బండి పట్టుకుని, ఎవరి సాయం లేకుండా, పద్నాలుగు అడుగులు వేసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ముఖంలో ఎంత వెలుగు! "చూశావుటే, పద్నాలుగు!" అన్నారు కూతురితో.

ఆడపడుచు తల్లి రెండు చేతులూ పట్టుకుని, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, "అమ్మా! నేనెవరో తెలుస్తోందా?" అంది.

"నీకేమొచ్చిందే? తలకేమైనా తగిలిందా?"

"కాదమ్మా... ఒక్కటి చెప్పు, మా బంగారుతల్లివి కదూ! తొంభై మూడులోంచి ఏడు తీసేస్తే ఎంత?"

పక్క కుర్చీల వాళ్ళు తల తిప్పి చూశారు. అత్తగారి ముఖంలో వెలుగు, ఎవరో ఊది ఆర్పినట్టు పోయింది. కూతురి వైపు చూడలేదు ఆవిడ. గోడ వారగా నిలబడిన కోడలి వైపు చూశారు. ఆ లెక్క ఆవిడకూ, డాక్టరుకూ, ఒక కాగితానికీ తప్ప మరెవరికీ తెలియదు. కోడలు కళ్ళు దించేసుకుంది. అంతకన్నా ఒప్పుకోలు ఇంకేం కావాలి!

"చెప్పమ్మా! డాక్టరు అడిగితే అక్కడే ఆగిపోయావట కదా!" ఆడపడుచు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె వెనక, గుమ్మంలో, పెద్ద నర్సు నిలబడి ఉంది.

పది నిమిషాల్లో అత్తాకోడళ్ళిద్దరూ పెద్ద నర్సు గదిలో ఉన్నారు. అత్తగారు చక్రాల కుర్చీలో, కోడలు తలుపు దగ్గర. ఆడపడుచును బయట కూర్చోబెట్టారు.

"టీచరమ్మగారూ, ఎవరికీ చెప్పవద్దని మీ చేత్తో రాసిచ్చారు. మీ అమ్మాయికి ఈ సంగతి ఎలా తెలిసింది? నేను అల్మరా తాళంచెవి ఒక్కరికే ఇచ్చాను." పెద్ద నర్సు కోడలి వైపు చూసింది. "ఏమ్మా?"

చెప్పాలి... నేనే అని చెప్పాలి... చెప్పకూడనప్పుడు చెప్పిన నోరు, చెప్పవలసినప్పుడు మూతపడిపోయింది!

"నేనే చెప్పాను," అన్నారు అత్తగారు.

"మీరా?"

"మా అబ్బాయి వచ్చినప్పుడు, నేనే."

"మరి ఎవరికీ వద్దని రాశారు కదండీ?"

అత్తగారు చిన్నగా నవ్వారు. "రాశానా? చూశారా మరి... మర్చిపోయాను! నా జబ్బే అది కదా నర్సమ్మా!"

ఎవరికీ నవ్వు రాలేదు. కోడలికి ఆ గది నేల విచ్చుకుని తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఏ జబ్బు దాచుకోవడానికి ఆవిడ చేతులు పట్టుకుని బతిమాలారో, ఆ జబ్బునే పరాయి మనిషి ముందు పరిచి, కోడలికి అడ్డం పెట్టారు!

కుర్చీ తోసుకుంటూ వరండా చివరికి వచ్చాక కోడలు నేల మీద కూలబడి అత్తగారి పాదాలు పట్టుకుంది. "నన్ను కొట్టండత్తయ్యా... ఎందుకలా చెప్పారు?"

"నీ ఉద్యోగం పోతే ఇల్లేమవుతుంది? లే, ఎవరైనా చూస్తారు... అమ్మాయ్, ఒకటి అడుగుతాను. నా మీద బెంగతో చెప్పావా వాడికి?"

అబద్ధం చెప్పవచ్చు. అవునంటే ఇద్దరికీ కాస్త హాయిగా ఉండేది.

"కాదత్తయ్యా... మీ కళ్ళజోడు నేను దాచలేదని చెప్పుకోవడానికి చెప్పాను."

ఆవిడ కోడలి తల మీద చెయ్యి వేశారు.

"నువ్వు దాచలేదు. ఆ సంగతి నాకూ తెలుసు... ఎప్పుడో తెలుసు. ఒప్పుకుంటే నేనేమైపోతానో అని భయమేసింది. నిన్ను దొంగను చేసినంతకాలం నా తెలివి నా దగ్గరే ఉన్నట్టుండేది. అందుకే ఆ కాగితం మీద ముఖ్యంగా నీ సంగతి రాశాను. నీకు తెలిస్తే నేనన్న మాటలన్నీ తిరిగొచ్చి నన్ను అడుగుతాయని! సిగ్గుపడాల్సింది నువ్వొక్కదానివే కాదమ్మాయ్."

"ఇంటికి వచ్చేయండత్తయ్యా. కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను!"

"అదే వద్దంటున్నాను. నా కూతురు నా చేతులు పట్టుకుని ఎలా మాట్లాడిందో చూశావుగా? రేపటి నుంచి మీరందరూ అలాగే మాట్లాడతారు. మనవరాలు కూడా. టీచరమ్మలా తిరిగొద్దామనుకున్నాను. అయ్యో పాపంలా రాలేను."

కొడుకు వచ్చి ఏడ్చాడు, కూతురు వచ్చి కాళ్ళు పట్టుకుంది. ఆవిడ వినలేదు. తనను ఎరిగినవాళ్ళు ఎవరూ లేని ఊళ్ళో ఇంకో సంరక్షణ కేంద్రం ఉందని పెద్ద నర్సును అడిగి తెలుసుకుని, అక్కడికే ఏర్పాటు చేయించుకున్నారు. నలభై మూడో రోజు కారు వచ్చింది. వరండా పొడుగునా తన కాళ్ళ మీద తానే నడిచి వెళ్ళి కారెక్కారు. వెనక్కి తిరిగి చూడలేదు. మాట ఇచ్చిన రోజే, మాట ఇచ్చిన నడకే... ఊరే వేరు!

కారు మలుపు తిరిగాక కోడలు పెద్ద నర్సు గదికి వెళ్ళి, చదివిందీ, చెప్పిందీ, అంతా ఒప్పుకుంది. "తెలుసు. నువ్వే వచ్చి చెబుతావేమోనని చూశాను. నిన్ను తీసేయాలి. కానీ ఆవిడ మాట అబద్ధమని నేను కాగితం మీద రాయలేను," అంది పెద్ద నర్సు. చెయ్యి చాపి కాగితాల గది తాళంచెవి తీసుకుంది. మర్నాటి నుంచి కోడలు దుప్పట్లు ఉతికే గదిలో పనిచేసింది. ఎందుకని వంటాయన అడిగితే, ఆమె తడి దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చి పిండమంది.

నెలకోసారి చూడటానికి వెళ్ళేది. అత్తగారు పిల్ల చదువు అడిగేవారు, ఇంటి సంగతులు అడిగేవారు, కోడలి చేతులు సబ్బుకు పగిలిపోతే నూనె రాసుకోమనేవారు. తన ఒంటి సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. కోడలూ అడగలేదు. తరువాత తరువాత, పిల్ల ఎవరని అడిగేవారు. ఆ సంగతి కోడలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అత్తగారు మళ్ళీ ఇంటికి రాలేదు. వెళ్ళిన మూడో ఏడు చలికాలం చివర, ఒక బుధవారం పొద్దున పదింటికి, అక్కడే పోయారు.