మూడో అంతస్తులో స్టాప్లర్ చప్పుడు

ఆ ఆఫీసులో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుపోయాక లోపలి నుంచి స్టాప్లర్ కొట్టే చప్పుడు వస్తుందనేవాళ్లు. అక్కడ పనిచేసిన హెడ్ గుమస్తా రాజీనామా ఇచ్చి, నెల తిరక్కుండానే పోయాడట. పని మీద మమకారం చావక తిరుగుతున్నాడని... వాచ్‌మన్ కూడా మెట్ల దగ్గరి నుంచే వెనక్కి తిరిగేవాడు.

మా పిన్ని ఆ ఆఫీసులోనే, ఫిర్యాదుల సెక్షన్‌లో చేసేది. పార్సిళ్ల కంపెనీ అది. పోయిన పార్సిళ్లకీ, పగిలిన సామాన్లకీ పొద్దస్తమానం ఫోన్లో తిట్లు తినడమే ఉద్యోగం. ముగ్గురు మానేస్తే వాళ్ల పనీ ఆవిడ నెత్తినే రుద్దారు. బాబాయికి ఒంట్లో బాగాలేదని సెలవడిగితే మేనేజరు నవ్వి, "ఇంటి గొడవలు గేటు బయట పెట్టి రావాలమ్మా" అన్నాడట.

చివరికి ఇంకోచోట ఉద్యోగం చూసుకుని, ఓ మధ్యాహ్నం రాజీనామా ఇచ్చేసింది. మేనేజరు కాదనలేదు.

"అలాగే. ఫైళ్లన్నీ అప్పగించండి, రిలీవింగ్ లెటర్ ఇస్తాను."

ఆ లెటర్ లేనిదే కొత్తచోట చేర్చుకోరు.

ఫైళ్లు సర్దేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఒక్కటి తక్కువైంది. పాత ఫైళ్లన్నీ ఉండేది పైన... ఆ గదిలోనే.

మెట్లెక్కింది. వరండా అంతా చీకటి. తలుపు కింద సన్నగా వెలుగు—

టక్.

పిన్ని అక్కడే ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు... మళ్లీ టక్, టక్.

వెనక్కి దిగిపోదామనుకుంది. ఫైలు లేకుండా దిగితే పొద్దున మేనేజరుకి ఏం చెప్పాలి? "దెయ్యం కన్నా ఆయనకే ఎక్కువ భయపడ్డానురా" అంది పిన్ని, నాకిది చెబుతూ.

తలుపు తోసింది. టేబుల్ లైటు కింద తెల్లజుట్టు, వంగిన వీపు... నెమ్మదిగా తల తిప్పాడు. హెడ్ గుమస్తా!

పిన్ని తలుపు పట్టుకుని వెనక్కి జరిగింది.

"అరవకమ్మా," గుసగుసగా అన్నాడాయన. "బతికే ఉన్నాను."

"మరి... పోయారన్నారు?"

"మేనేజరు గారే అనిపించారు, ఎవరూ ఇటు రాకుండా. నాకింకా లెటర్ ఇవ్వలేదు. ఒక ఫైలు అయితే ఇంకోటి... పగలు నన్ను చూస్తే మిగతావాళ్లు బెదురుతారని రాత్రిళ్లు రమ్మన్నారు."

"ఎన్నాళ్లుగా?"

"పదకొండు నెలలు."

"వదిలేసి వెళ్లిపోవచ్చు కదండీ?"

"పదకొండు నెలలు చేశాక ఎలా వదలనమ్మా... రేపు ఇస్తానన్నారు."

పిన్ని తనకి కావలసిన ఫైలు అడిగింది. ఆయన టేబుల్ అవతలి వైపు చూపించాడు. ఫైలు అక్కడే ఉంది... కొత్తగా వేసిన కుర్చీ ముందు. కుర్చీ వీపుకి అంటించిన కాగితం మీద పిన్ని పేరు.

"సాయంత్రమే వేయించారు," అన్నాడాయన, ఆవిడ మొహంలోకి చూడకుండా.

"కూర్చున్నావా పిన్నీ?" అనడిగాను.

"ఇంకేం చేస్తాన్రా..."

నాలుగు నెలలు కూర్చుందట. కొత్తచోటివాళ్లు చూసి చూసి ఇంకెవరినో పెట్టుకున్నాక గానీ లేచి రాలేదట. అక్కడున్నన్నాళ్లూ అప్పుడప్పుడు వరండాలో అడుగులు వినిపించేవట. తలుపు దాకా వచ్చి, ఆగి... మెట్ల మీదుగా పరుగున దిగిపోయేవట.

"పిలుద్దామనిపించేదిరా," అంది పిన్ని. "పిలిస్తే ఇంకా జడుసుకుంటారు కదా."