ఊక మీద వెచ్చని చోటు

మా కోళ్లఫారంలో కొత్తగా దిగిన కోడిపిల్లలకు తల్లి అంటే బల్బే. ఈకలు వచ్చేదాకా ఒంట్లో వేడిని నిలుపుకోవడం వాటికి చేతకాదు. చలేస్తే బల్బు కింద ముద్దగా చేరతాయి, ఉక్కపోస్తే దూరం జరుగుతాయి. వాటిని చూస్తే చాలు, థర్మామీటరు దండగ అనేది అక్క. చలిజ్వరంతో అక్క పోయాక షెడ్డులో నాతో మాట్లాడే దిక్కు లేదు. ఒంటరితనం అలవాటైపోయిందని బావతో అంటూంటాను. అబద్ధం.

ఆ సాయంత్రం వాన మొదలవగానే కరెంటు పోయింది. జనరేటరు మొండికేసింది. బావ మెకానిక్కు కోసం బయలుదేరుతూ, "పిల్లలు చల్లబడితే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. కనిపెట్టుకుని ఉండు," అన్నాడు. కనిపెట్టుకుని నేనేం చేయను, పొదగనా?

చీకటి పడింది. చెమ్మగిల్లిన ఊక వాసన. రేకుల మీద వాన చప్పుడు. పిల్లల కిచకిచలు కొంచెం కొంచెంగా తగ్గిపోయాయి. చచ్చిపోతున్నాయేమోనని టార్చి వేశాను.

అన్నీ బతికే ఉన్నాయి. బల్బులకు దూరంగా, గోడ వారన, ఖాళీ నేల చుట్టూ మూగి కునుకుతున్నాయి... మధ్యలో ఏమీ లేదు.

అక్కడ చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది. నిద్రపోయే మనిషి వీపులా. కొంచెం పైకి లేచింది... దిగింది.

"అక్కా?" అన్నాను.

పారిపోవాల్సింది. కానీ ఒక మనిషి వేడి తగిలి ఎన్నాళ్లయిందో నాకే తెలుసు. పక్కనే ఒరిగి ఒళ్లంతా ఆనించాను. నాకు వణుకు పుట్టింది. పళ్లు టకటకలాడాయి. ఆ వెచ్చదనం పెరిగే కొద్దీ నా ఒళ్లు చల్లబడుతోంది... లేవబోయాను. లేవలేకపోయాను. కాసేపటికి వణుకు ఆగింది. వెచ్చబడి కాదు. వణికే ఓపిక కూడా ఒంట్లో లేక.

"చాలక్కా..." అని గొణిగాను.

బల్బులు వెలిగాయి. బావ వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాడు. పిల్లలన్నీ క్షేమం. వాటి మధ్య చతికిలబడి, అతను నేల మీద అరచెయ్యి ఆనించాడు. ఎంతసేపటికీ తీయలేదు.

"ఇక్కడ వెచ్చగా ఉందే," అన్నాడు మెల్లగా. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేనూ అక్కడే చెయ్యి పెట్టాను. చల్లటి ఊక తప్ప నాకేమీ తగల్లేదు. నా వేళ్లు తాకిన కోడిపిల్ల ఉలిక్కిపడి బావ వైపు పరిగెత్తింది. దాని వెనకే మిగతావన్నీ నన్ను వదిలి జరిగిపోయాయి.