గోత్రం గడి ఖాళీ

సోమవారం ఉదయం పదిన్నరకు జమ్మలమడుగులో పెళ్లి సంబంధాలు కుదిర్చేందుకు లలిత నడిపే కల్యాణ వేదిక కంప్యూటర్ ఆగిపోయింది. ఆపింది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక ప్రశ్న. పంపింది వేదవ్యాస.

ఐదు నిమిషాలకు అతని ఫోన్ మోగింది.

"ఏందప్పా, మా ఊరి పెండ్లికూతుర్లందరినీ ఒకేసారి పంపమంటాండారు?"

"ఎవరండీ?"

"అపర్ణ. లలిత గారి కూతుర్ని. మా డేటాబేస్ చూసుకునేది నేనే. మీరెంతమందికి సంబంధాలు వెతుకుతాండారు?"

"ఒక్కరికే మేడం. అందరి వివరాలూ తెప్పించుకుంటే ఈడ ఏరుకుందామని..."

"పెండ్లిచూపులకు ఎవరైనా ఊరందరినీ లారీ ఎక్కించుకుని పోతారా? వయసేంది, చదువేంది, గోత్రమేంది, అవన్నీ ప్రశ్నలోనే రాసి పంపండి. ఏరే పని మా కంప్యూటర్ చేస్తాది. మీకు కావాల్సినోళ్లు మాత్రమే వస్తారు."

"శానా బాగా చెప్పినారు."

"నేను చెప్పలా. తిట్టినా."

ఫోన్ పెట్టేసింది.

ప్రొద్దుటూరు వేదికను నడిపేది వేదవ్యాస మేనమామ విశ్వనాథ్. రిటైరైన లెక్కల మాస్టారు. పులివెందులలో సింధూ నడిపే మూడో వేదిక ఉంది. ముగ్గురూ కలిసి పనిచేయాలనుకున్నారు కానీ, తమ దగ్గర నమోదైన పిల్లల వివరాలు ఇంకొకరి చేతికివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వేదవ్యాస సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంటి నుంచే పని. అతను ఫెడరేటెడ్ క్వెరీ పెట్టించాడు. ఎవరి వివరాలు వారి కంప్యూటర్‌లోనే ఉంటాయి. పక్క ఊరి నుంచి ప్రశ్న వస్తుంది, జవాబు పోతుంది. జవాబులో పేర్లు మాత్రమే ఉంటాయి. గోత్రం లాంటివి పోల్చడానికే తప్ప బయటికి కనిపించవు. పక్క ఊరివాళ్లు చూడగలరు, మార్చలేరు.

వేదవ్యాస ప్రశ్నను తిరగరాశాడు. జవాబు రెండు సెకన్లలో వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేశాడు. చెప్పమని అపర్ణ అడగలేదు. మర్నాడు ఇంకో ప్రశ్న పంపి, అందిందా అని ఫోన్ చేశాడు. అందినట్టు అతని తెరమీదే ఉంది.

"మీ డేటాబేస్‌లో నాకు చదివే పర్మిషన్ ఒక్కటే ఉండాది," అన్నాడు ఒకరోజు. "రాసే పర్మిషన్ ఎప్పుడిస్తారు?"

"మైదుకూరును మైదుకురు అని కొట్టినోనికి రాసే పర్మిషన్ ఇయ్యను."

వారం తర్వాత, ఫోన్‌లో తేలిపోయే సమస్య ఒకటి చూడటానికి వేదవ్యాస బస్సెక్కి జమ్మలమడుగు వెళ్లాడు. బస్టాండులో దిగేసరికి వాన. వేదికకు చేరేటప్పటికి తడిసిపోయాడు. అపర్ణ తువ్వాలు తెచ్చింది. దాంతో లాప్‌టాప్ సంచి తుడిచింది.

"నేను కూడా తడిసినానండీ."

"నువ్వు ఆరిపోతావు. అది ఆరిపోతే మళ్లా పనిచేయదు."

ఆ రోజు నుంచి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆమె వైపు నుంచి మాత్రమే.

తిరిగొచ్చాక వేదవ్యాస తన వయసు, చదువు, గోత్రం పెట్టి జమ్మలమడుగుకు ఒక ప్రశ్న పంపాడు. పద్నాలుగు పేర్లు వచ్చాయి. అపర్ణ పేరు లేదు. కూతురి పేరు నమోదు చేశానని లలిత విశ్వనాథ్‌తో చెప్పి ఉంది. కాబట్టి ఉండాలి. వయసు షరతు తీసేశాడు. రాలేదు. చదువు షరతు తీసేశాడు. రాలేదు. 'గోత్రం వేరుగా ఉండాలి' అన్న షరతు తీసేశాడు. వచ్చింది.

తమది ఒకే గోత్రమని అతను తేల్చుకున్నాడు. సగోత్రీకులు వరసకు అన్నాచెల్లెళ్లు. పెళ్లి కుదరదు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు ఫోన్ చేయలేదు. ఆ మర్నాడు అపర్ణే చేసింది.

"ఏమప్పా, ప్రశ్నలు అయిపోయినాయా?"

"లేదు చెల్లెమ్మా. పని ఎక్కువైంది."

"ఏమన్నావు?"

"చెల్లెమ్మా అన్నా."

"ఎవర్ని?"

"మిమ్మల్నే. మనది ఒకే గోత్రం కదా."

"నీదేం గోత్రం?"

"భారద్వాజ."

"నాది కౌండిన్య. నీకెవరు చెప్పినారు ఒకటేనని?"

"మీ కంప్యూటరే. గోత్రం షరతు పెడితే మీరు రాలా. తీసేస్తే వచ్చినారు."

"అంటే నన్ను వెతికినావా?"

"టెస్టింగ్ కోసం."

"టెస్టింగ్‌కు నీ గోత్రమెందుకు పెట్టినావు?"

అపర్ణ నవ్వు వినిపించింది.

"మా అమ్మ నన్ను అడక్కుండా నా పేరు ఎక్కించింది. అదే రోజు నేను గోత్రం గడి ఖాళీ చేసినా. ఖాళీ గడిని ఏ గోత్రంతో పోల్చినా కంప్యూటర్ ఒకటే అనదు, వేరే అనదు. తెలియదంటాది. తెలియనిదాన్ని జవాబులోకి రానియ్యదు. రెండేండ్లుగా నాకొక్క సంబంధం రాలా. మా అమ్మ శనివారం శనివారం శనీశ్వరునికి నూనె పోస్తాంది."

"ఇప్పుడు ఆ గడి నింపుతారా?"

"అడిగేదెవరు? అన్ననా?"

"అన్న కాదు."

"మరి?"

"వేదవ్యాస. భారద్వాజ గోత్రం. మీ పక్కన నా పేరు రావాలని అడుగుతాండా."

ఫోన్‌లో కీబోర్డు చప్పుడు వినిపించింది. వేదవ్యాస పాత ప్రశ్ననే మళ్లీ పంపాడు. ఈసారి పదిహేను పేర్లు వచ్చాయి.

గడి నిండితే ఆ పేరు ప్రొద్దుటూరుకు ఒక్కదానికే కాదు, పులివెందులకూ కనిపిస్తుంది. పావుగంటలో పులివెందుల వేదిక నుంచి సింధూ లలితకు ఫోన్ చేసింది. అపర్ణకు ఆ ఊర్లో పదకొండు మంది సరిపోయారు. అందులో బ్యాంకు ఉద్యోగి పవన్ కుమార్ వాళ్లమ్మ ఆ సాయంత్రమే వస్తానంది. లలిత దేవుడి గూటి ముందు దండం పెట్టి, కేసరికి రవ్వ వేయించింది.

అపర్ణ వసారాలోకి వచ్చి ఫోన్ చేసింది.

"నాలుగింటికి పులివెందులోళ్లు చూసేదానికి వస్తాండారు. యాడుండావు?"

"ప్రొద్దుటూరులో."

"అది నాకు తెలుసు. ఇంకా ఆడెందుకుండావు?"

మూడున్నరకు వేదవ్యాస, విశ్వనాథ్ లలిత ఇంటి ముందు ఆటో దిగారు. ఇద్దరినీ అంతకుముందు చూడని లలిత, పులివెందుల వాళ్లనుకుని కేసరి పెట్టింది. విశ్వనాథ్ తిన్నాడు. తిన్నాక తామెవరో, ఎందుకొచ్చారో చెప్పాడు.

"పులివెందుల వాళ్లు దారిలో ఉన్నారు మాస్టారూ," అంది లలిత. "రెండేండ్లకు వచ్చిన సంబంధం. వద్దని ఎట్ల చెప్పేది?"

"చెప్పొద్దమ్మా. అమ్మాయిని అడుగు. ఆమె ఎట్ల చెప్తే అట్ల."

లలిత కూతురి వైపు తిరిగింది. "నీకేమన్నా ఇష్టముందా?"

"రెండేండ్ల కిందట ఈ మాట అడిగుంటే నూనె మిగిలేది," అంది అపర్ణ.

"ఏం నూనె?"

అపర్ణ గోత్రం గడి సంగతి చెప్పింది. లలిత వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగా వినిపించింది. బయటికి వచ్చి వేదవ్యాసను అడిగింది.

"నువ్వు భారద్వాజ అనేది నిజమేనా? అది కూడా నా కూతురే టైపు చేసిందా?"

"నిజమేనండీ."

"అయితే ఇంకో గరిటె కేసరి పెట్టించుకో."

లలిత పులివెందుల వాళ్లకు తనే ఫోన్ చేసి క్షమించమంది. వాళ్ల కారు అప్పటికి ముద్దనూరులో ఉంది. అక్కడ కాఫీ తాగి వెనక్కి తిరిగారు.

అయిదు గంటలకు అపర్ణ తన పేరు ఎదురుగా 'కుదిరింది' అని నమోదు చేసింది. ఆరు గంటలకు అపర్ణ పేరు వెతుకుతూ పులివెందుల నుంచి మరో ప్రశ్న వచ్చింది. జమ్మలమడుగు కంప్యూటర్ ఇచ్చిన జవాబు సున్నా.