అమావాస్య నాటి చప్పుడు

ఒంటిపూట బడి నుంచి గోపిక ఇంటికి వచ్చేసరికి, డాబా మీద ఎవరో ఒకామె ఏదో బిగిస్తూ కనిపించింది. గోపిక బ్యాగు గడప దగ్గర పడేసి పైకి పరుగెత్తింది.

ఎండకు డాబా కాలిపోతోంది. మూడు కాళ్ల స్టాండు మీద పొడవాటి గొట్టం ఉంది. దాని చివర నల్లటి స్పాంజి ఉండ. కింద తాళం వేసిన డబ్బా.

"గిదేంది మేడం? మైకా? పాటలొస్తయా?"

ఆమె నవ్వింది. ఆమె పేరు అనురాధ. ఊరు కోదాడ. ఎక్కడెక్కడ ఎంత చప్పుడవుతుందో కొలిచే ఉద్యోగం ఆమెది.

"దీంట్లోంచి ఏమీ రాదమ్మా. ఇది వింటుంది, అంతే."

"మరి గా స్పాంజి?"

"మైకుకు గాలి కొడితే బుస్సుమంటుంది. ఆ బుస్సు కూడా లెక్కలోకి రాకూడదు కదా. అందుకే ఈ తొడుగు. ఇదిగో, ఈ వైరు కొంచెం పట్టుకో."

తర్వాత అనురాధ స్పాంజి తీసి, మైకుకు చిన్న డబ్బీ లాంటిది తొడిగింది. అది కుయ్‌మని ఒకే తీరుగా మోగింది.

"ఈ చప్పుడు ఎంతో మనకు ముందే తెలుసు. మైకు కూడా అంతే చెప్పిందంటే, అది నిజం చెబుతున్నట్టు" అంది.

గోపిక వాళ్ల నాయిన పరశురాములు గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. మిర్యాలగూడలో ఆయన ఆటో నడుపుతాడు. ఇంటి వెనక గోడ దాటితే రైస్ మిల్లు. అక్కడ ఊకను ఊదడానికి కొత్తగా పెట్టిన బ్లోయరు పగలూ రాత్రీ హోరుమంటుంది. దాని మీద అర్జీ పెట్టింది ఆయనే. తన కోసం కాదు, తన నాయిన గట్టయ్య కోసం.

"ఆయనకు గుండె బాగలేదు మేడం. మందులు ఎన్ని ఏసినా నిద్ర లేకపోతే కష్టమని దవాఖానల చెప్పిన్రు. గీ మోతల నిద్ర యాడ పడతది?"

"మిల్లు ఎప్పుడైనా ఆపుతారా?"

"అమాస నాడు. ఆ దినం హమాలీలు పని ముట్టరు."

"అయితే అమావాస్య అయ్యేదాకా మైకు ఇక్కడే ఉంచుదాం. అంతవరకు ఎవరూ దీని దగ్గరకు రాకండి" అంది అనురాధ.

కింద వరండాలో, నులక మంచం మీద గట్టయ్య తాత కూర్చుని ఉన్నాడు. చివ్వెంల దగ్గర గొర్లు కాసుకుంటూ బతికినవాడు. ఒంట్లో బాగాలేక కొడుకు ఇంటికి వచ్చాడు. గోపిక ఆయన పక్కన చేరింది.

"తాతా, పెద్దగట్టు జాతరల భేరీలు కొడ్తరు గదా. గది లొల్లి కాదా? దాంట్లైతే నీకు మస్తు సంబురం!"

"గది మనుషుల చప్పుడు బిడ్డా. కొట్టెటోడు అలిసిపోతడు, జరసేపు ఆపుతడు, మంచినీళ్లు తాగుతడు. గిది అలిసిపోదు."

అలా అని తాత గోడ వైపు చూశాడు.

అమావాస్య రోజు గోపిక బడి నుంచి వస్తుంటే గల్లీ కొత్తగా అనిపించింది. ఎవరింట్లోనో గిన్నె కడిగిన చప్పుడు కూడా వినపడుతోంది. పిట్టల అరుపులు వినపడుతున్నాయి. మిల్లు ఆగిపోయింది.

తాత నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తడి తువ్వాలు ఛాతీ మీద ఉంది. అమ్మ కల్పన ఆయనకు మందులు తేవడానికి బజారుకు పోయింది. నాయిన ఆటో మీద ఉన్నాడు.

గోపిక డాబా వైపు చూసింది. అయ్యో, మైకు ఈ రోజు కూడా వింటోంది కదా! ఇక్కడ చప్పుడే లేదని అది మేడంకు చెబితే? మిల్లు వాళ్లది తప్పేమీ లేదని రాస్తే? అప్పుడు తాత సంగతేంటి?

వంటింట్లో ఖాళీ నూనె డబ్బా ఉంది. దాన్నీ, చపాతీ కర్రనూ తీసుకుని డాబా ఎక్కింది. మైకు ముందు నిలబడి కొట్టడం మొదలుపెట్టింది. డబ్బా ఖంగుఖంగుమని మోగింది. చేతులు నొప్పి పుట్టినా ఆపలేదు.

కింద నుంచి దగ్గు వినిపించింది. ఆ వెనక తాత గొంతు.

"ఎవలది? బంద్ జెయ్యుండ్రి... జర పండుకోనియ్యుండ్రి..."

'నీ కోసమే తాతా, ఇంక కొంచెమే' అనుకుంటూ గోపిక మరింత గట్టిగా కొట్టింది.

దిగి వచ్చేసరికి తాత మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఆయాసపడుతున్నాడు.

"బిడ్డా, మిల్లు మల్ల సురూ జేసిన్రా?" అని అడిగాడు.

గోపిక డబ్బాను వెనక దాచుకుంది. తాతకు మళ్లీ నిద్ర పట్టలేదు. సాయంత్రానికి మిల్లు నిజంగానే మొదలైంది.

రెండు రోజుల తర్వాత అనురాధ వచ్చి, వరండాలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. కాసేపటికి ఆమె నొసలు ముడిపడింది.

"మిల్లు లేని రోజు ఇంత చప్పుడేమిటి? పెద్ద చప్పుడు వచ్చినప్పుడల్లా ఇది కొంచెం రికార్డు చేసుకుంటుంది. విందాం ఉండండి."

ముందు డబ్బా మోత వచ్చింది. దాని కింద నుంచి సన్నగా తాత గొంతు. 'బంద్ జెయ్యుండ్రి... జర పండుకోనియ్యుండ్రి...'

నాయిన గోపిక వైపు తిరిగాడు. గోపిక తల దించుకుంది.

"నేనే కొట్టిన నాయినా. చప్పుడు లేదని రాసుకుంటరనుకున్న."

నాయిన చెయ్యి లేచింది. "ఉండండి అన్నా" అని అనురాధ ఆపింది. గోపికను దగ్గరకు పిలిచింది.

"చూడమ్మా. మిల్లు లేనప్పుడు మీ గల్లీ ఎంత నెమ్మదిగా ఉంటుందో తెలిస్తేనే కదా, మిల్లు ఎంత చప్పుడు కలుపుతోందో తెలిసేది? మాకు కావాల్సింది ఆ నెమ్మదైన రోజే. కావాలని మోత చేశారు కాబట్టి ఆ రోజంతా లెక్కకు పనికిరాదు."

"మల్ల ఎప్పుడు?"

"వచ్చే అమావాస్యకు. మళ్లీ వచ్చి పెడతాను."

ఆ సాయంత్రం గోపిక మంచం పట్టె పట్టుకుని చాలాసేపు నిలబడింది. తాత తువ్వాలుతో ఆమె ముఖం తుడిచాడు.

"అమాస నాడు కలల గొర్లన్నీ పండుకున్నయ్ బిడ్డా. నేను గూడ బండకు ఒరిగిన. అంతట్లనే..." అని ఆగిపోయాడు. "పోనియ్. ఏడ్వకు."

తిడితే బాగుండేది అనిపించింది గోపికకు.

వేసవి సెలవులు వచ్చాయి. తాత రోజురోజుకూ చిక్కిపోయాడు. అన్నం తగ్గింది. మాట తగ్గింది. మిల్లు మోత మాత్రం తగ్గలేదు. గోపిక చిన్న దూది ఉండలు చేసి తాత చెవుల్లో పెట్టేది. మంచం కాళ్ల కింద పాత గోనెసంచులు మడిచి పెట్టింది. తలుపు మెల్లగా వేసేది. తాత మాత్రం కళ్లు తెరుచుకునే ఉండేవాడు.

అనురాధ చెప్పినట్టే వచ్చి మైకు బిగించి వెళ్లింది. అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున్నే తాతకు ఆయాసం ఎక్కువైంది. నాయిన ఆయన తలను ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ నోట్లో నీళ్లు పోసింది. తాత పెదవులు కదిలాయి.

"ఏంది నాయినా? జర గట్టిగ చెప్పు!" నాయిన తన చెవి తాత నోటి దగ్గర పెట్టి అడిగాడు.

గోడవతల బ్లోయరు హోరుమంటోంది. పెదవులు మళ్లీ కదిలాయి, ఆగిపోయాయి. తాత ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు.

ఆ మధ్యాహ్నమంతా వాకిట్లో డప్పులు మోగాయి. డప్పుల వెనక తాతను పాడె మీద తీసుకుపోయారు.

ఆ రాత్రి గోపిక అమ్మ కొంగు పట్టుకుని అడిగింది. "అమ్మా, తాత మాట పెద్దగట్టు లింగమంతుల స్వామికైనా ఇనపడి ఉంటదా?"

దేవుడి పటం ముందు దీపం పెట్టనిదే పొద్దు గడవని మనిషి కల్పన. అయినా ముందు గోడవతలి హోరు వైపు తల తిప్పింది.

"ఇనపడే ఉంటది బిడ్డా" అంది చివరికి. ఆ మాట ఆమె తనకు తానే చెప్పుకున్నట్టుంది.

అమావాస్య నాడు మిల్లు ఆగింది. ఆ రోజే మూడో రోజు కర్మ. చుట్టాలు మెల్లగా వచ్చి కూర్చుంటున్నారు. ఇంతలో ఆత్మకూర్ నుంచి తాత చెల్లెలు తిరుపతమ్మ వచ్చింది. జ్వరంతో మంచం పట్టి, అన్న కడసారి చూపుకు రాలేకపోయింది. ఖాళీ మంచాన్ని చూడగానే గడపలోనే కూలబడింది.

"ఓ అన్నా... నా గట్టన్నా... ఎటు పోతివన్నా..."

నిశ్శబ్దంగా ఉన్న గల్లీ అంతా ఆ ఏడుపుతో నిండిపోయింది. నాయిన కంగారుగా డాబా వైపు చూశాడు.

"మెల్లగ అత్తా, మెల్లగ. పైన మైకున్నది. ఈ దినం గూడ ఖరాబైతే..."

గోపిక ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏడ్వనియ్ నాయినా. మేడంకు నేను చెప్త."

తిరుపతమ్మ తనివితీరా ఏడ్చింది. తర్వాత అలిసిపోయి, మంచం పట్టెకు తల ఆనించి పడుకుంది. గల్లీలో మళ్లీ పిట్టల అరుపులు వినిపించాయి.

అనురాధ వచ్చిన రోజు మిల్లు నడుస్తోంది. మంచం లేని వరండా చూడగానే ఆమెకు అర్థమైంది. డాబా మీద నెమ్మదిగా వైర్లు విప్పుతుంటే గోపిక దగ్గరకు వచ్చింది.

"అమాస నాడు పొద్దుగాల పెద్ద చప్పుడు ఉంటది మేడం. గది మా తిరుపతమ్మ అవ్వ ఏడ్సింది. అంతమట్టుకు తీసెయ్యుండ్రి. తర్వాత ఎవలం మాట్లాడలే."

"సరేనమ్మా. మిగతా రోజంతా బాగానే ఉంటే సరిపోతుంది."

గోపిక ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"ఇంకొకటి మేడం. దానికి రెండు దినాల ముందు, మిల్లు నడిచిన దినం, మధ్యాహ్నం చప్పుడు బాగ ఎక్కువుంటది. గవి డప్పులు. మా తాతవి. మిల్లు మీద ఎయ్యకుండ్రి."

బ్లోయరు మోతలో అనురాధకు చివరి మాట వినపడలేదు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని వంగింది.

గోపిక కళ్లు తుడుచుకుంది. ఇంకా దగ్గరకు జరిగి, గొంతు పెంచి ఆ మాట మళ్లీ చెప్పింది.