బదిలీ వచ్చాక

బుధవారం పొద్దున మాలిక్ సొంతింట్లో, సొంత మంచం మీద నిద్ర లేచాడు. బయట బ్రాడీపేట సందు అప్పటికే హడావుడిగా ఉంది. కోచింగ్ సెంటర్లకు పరుగెత్తే పిల్లల కేకలు, ఆటోల హారన్లు, ఎదురింటి వాళ్ళ నీళ్ళ మోటారు. ఇలా వారం మధ్యలో ఇంట్లో నిద్ర లేవడం కోసం అతను పద్నాలుగేళ్ళు ఎదురుచూశాడు. లేచి కూర్చుని, ఆనందం కోసం కాసేపు ఆగాడు. అది రాలేదు. ఆవలింత వచ్చింది.

మాలిక్ జువాలజీ లెక్చరరు. ఉద్యోగం ఇన్నాళ్ళూ పొదిలి జూనియర్ కాలేజీలో, కాపురం గుంటూరులో. భార్య గుల్షన్ ఇంటి ముందు గదిలోనే జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది, ఆమె దగ్గరికొచ్చే ఆడవాళ్ళంతా ఇక్కడివాళ్ళే. కూతురు అర్ఫా చదువు ఇక్కడే. తల్లి కరీమున్ చూపించుకునే డాక్టర్లూ ఇక్కడే. అందుకని అతనొక్కడే పొదిలిలో గది తీసుకుని ఉంటూ, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరి, సోమవారం తెల్లవారకముందే మళ్ళీ బస్సెక్కేవాడు. వేసవి సెలవులు కూడా పేపర్లు దిద్దే క్యాంపులకూ సప్లిమెంటరీ పరీక్షలకూ పోయేవి. బదిలీల కాలం వచ్చిన ప్రతిసారీ దరఖాస్తు పెట్టడం, ఎవరో ముందు తన్నుకుపోవడం. గుల్షన్ మొక్కుకోని దర్గా లేదు. కరీమున్ అయిదు పూటలా దువా చేస్తూనే ఉంది. ఆఖరికి ఈ జూన్‌లో గుంటూరుకు ఆర్డరు వచ్చింది. సందంతా మిఠాయిలు పంచారు. సోమవారం కొత్త కాలేజీలో చేరాడు.

అంతా బాగానే ఉంది. కానీ ఇవాళ బుధవారం, వంటింట్లోంచి ఉప్మా వాసన వస్తోంది.

"టిఫిన్ ఉప్మానా?" అన్నాడు మాలిక్, పళ్ళెం ముందు కూర్చుంటూ.

"ఊఁ," అంది గుల్షన్.

"మనింట్లో ఉప్మా చేస్తారా?"

అర్ఫా పుస్తకంలోంచి తల పైకెత్తింది. "నాన్నా, మనింట్లో ఆదివారం తప్ప రోజూ ఉప్మానే. నువ్వొచ్చావని గారెలూ నాటుకోడీ వండేవాళ్ళం. మిగతా రోజుల్లో ఎవరు రుబ్బుతారు?"

మాలిక్ పళ్ళెం ఖాళీ చేశాడు. పద్నాలుగేళ్ళుగా తన ఇల్లంటే గారెల ఇల్లని అతని నమ్మకం. పొదిలి మెస్సులో చప్పటి ఇడ్లీ తింటూ, ఇంట్లోవాళ్ళు ఈపాటికి ఏం తింటూ ఉంటారో అని ఊహించుకునేవాడు. ఆ ఊహల్లో ఎప్పుడూ ఉప్మా లేదు.

కరీమున్ సంగతి ఇంకోలా ఉంది. కొడుకు ఇంట్లో ఉన్న రెండు రోజులూ ఆమెకు మోకాళ్ళు నొప్పి పెట్టేవి. "అబ్బా, అమ్మా" అంటూ మంచం మీద కూర్చుంటే కొడుకు పక్కన చేరి కాళ్ళు పట్టేవాడు, ఆయింట్‌మెంటు రాసేవాడు. సోమవారం అతని బస్సు కదలగానే ఆమె లేచి రైతుబజారుకు నడిచి వెళ్ళేది. ఇప్పుడు కొడుకు రోజూ ఉన్నాడు. పాపం, రోజూ మూలగాల్సి వస్తోంది.

ఆ సాయంత్రం గుల్షన్ వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు పీట మీద పీట వేసుకుని, పై అటక మీది చింతపండు డబ్బా దించుతోంది.

"అత్తమ్మా! పడతారు!"

"నెమ్మదిగా మాట్లాడమ్మాయ్. వాడు స్నానానికి వెళ్ళాడా లేదా?"

"వెళ్ళారు."

"అయితే ఆ డబ్బా అందుకో. నాలుగు రోజులుగా కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. ఇప్పుడు నిజంగానే నొప్పి."

గుల్షన్ కష్టం మాత్రం ముందు గదిలో ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆ గది నిండా ఆడవాళ్ళుండేవారు. ఒకళ్ళు జాకెట్ కోసం వస్తే ఇద్దరు ఊరికే వచ్చేవారు. మగ్గం చుట్టూ కూర్చుని పూసలు ఏరుతూ, అత్తగార్ల మీదా ఆడపడుచుల మీదా చెప్పుకునేవి చెప్పుకుని, నవ్వుకుని వెళ్ళేవారు. ఇప్పుడు కాలేజీ నుంచి వచ్చిన మాలిక్ లుంగీ బనీనుతో అదే గదిలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఫ్యాను గాలి అక్కడే బాగా తగులుతుందట.

రాజరాజేశ్వరి గారు అని ఓ రిటైర్డ్ టీచరు, కూతురి పెళ్ళి జాకెట్ డిజైను చూసుకోవడానికి వచ్చింది. గుల్షన్ రెండు వారాలు కష్టపడి గీసిన డిజైను అది. వీపు మీద రెండు నెమళ్ళు, ఎదురెదురుగా, పింఛాలు విప్పుకుని.

"ఎంత బాగుందో గుల్షన్! జంట నెమళ్ళు!" అని ఆవిడ మురిసిపోయింది.

పేపరు కిందికి దిగింది. "జంట ఎలా అవుతాయండీ?" అన్నాడు మాలిక్.

"ఏమన్నారు?"

"పింఛం మగ నెమలికే ఉంటుంది. ఇవి రెండూ మగవే. మగ నెమళ్ళు రెండు ఎదురుపడితే కొట్టుకుంటాయి కానీ కాపురం చెయ్యవు." పాఠం చెప్పే ఉత్సాహంలో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంకోటి, మనం తోక అనుకునేది అసలు తోకే కాదు. తోక పైనుండే ఈకలు. అసలు తోక దాని వెనకాల, పొట్టిగా..."

రాజరాజేశ్వరి గారు ఆ కాగితాన్ని కాసేపు చూసింది. పెళ్ళికూతురి వీపు మీద కొట్లాట ఆవిడ కళ్ళకు కట్టినట్టుంది. "మళ్ళీ వస్తాలే గుల్షన్," అని లేచి వెళ్ళిపోయింది.

గుల్షన్ కాగితం మడిచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట చారులో ఉప్పు రెండింతలు పడింది.

ఇలా రెండో ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మాలిక్ మూత తీసి చూశాడు. దోసకాయ పప్పు. ఇంకో మూత తీశాడు. అన్నం. మూడో మూత లేదు.

"ఇవాళ ఆదివారం కదా?" అన్నాడు.

"అవును."

"నాటుకోడి..."

"రేపూ ఇక్కడే ఉంటారుగా. ఎల్లుండీ ఉంటారుగా. కోడి ఎక్కడికి పోతుంది?" అంది గుల్షన్ వడ్డిస్తూనే.

మాలిక్‌కు ఒళ్ళు మండింది. "అంటే ఏంటి, నేను ఊరికి పోతేనే నాకు మర్యాదా? ఇంట్లో ఉంటే ఈ పప్పా? వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా. గదిలో కూర్చుంటే తప్పు, మాట్లాడితే తప్పు. వార్తలు పెడితే సీరియల్ పోయిందని అమ్మ మొహం మాడ్చుకుంటుంది. కాలేజీ దగ్గర దింపుతానంటే మన అమ్మాయికి సిగ్గు. దీనికంటే పొదిలే నయం!"

అర్ఫా ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. కరీమున్ "యా అల్లా" అంది. ఎంత కాలం, ఎంతమంది కాళ్ళు పట్టుకుంటే వచ్చిన బదిలీ! ఆ మాట ఆ ఇంట్లో అనకూడని మాట.

గుల్షన్ గరిటె పెట్టేసి అక్కడే కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు అనేశారు కాబట్టి నేనూ చెప్తా. మీరు బస్సెక్కాక నేను ఏడవని సోమవారం లేదు. ఈయన ఇంట్లో ఉంటే చాలు, ఇంకేమీ అడగను అని మొక్కుకున్నా. మొన్న సోమవారం పొద్దున మీరు పక్కన గురకపెడుతుంటే, బస్సు తప్పిపోయిందని ఉలిక్కిపడి లేచా. తర్వాత గుర్తొచ్చింది, ఈయన ఇంక ఎక్కడికీ వెళ్ళరు అని." ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సంతోషం వేస్తుందనుకున్నా. ఏమీ వేయలేదండీ. టీ పెట్టాలి కదా అనిపించింది, అంతే. నేనెంత పాపిష్టిదాన్నో అని వంటింట్లో కూర్చుని ఏడ్చా."

మాలిక్ పప్పు వైపు చూస్తూ చిన్న గొంతుతో అన్నాడు. "నాక్కూడా."

"ఏంటి నాక్కూడా?"

"నాక్కూడా ఏమీ అనిపించలేదు. మొదటి రోజు నుంచీ. చెప్తే నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

ఒకే గోడ దూకబోతూ ఎదురుపడిన ఇద్దరు దొంగల్లా మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకున్నారు.

కరీమున్ గొంతు సవరించుకుంది. "ఒరేయ్ మాలిక్. అందరూ నిజాలు చెప్పుకుంటున్నారు కాబట్టి నాదీ వినేయ్. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయిరా. వారానికి రెండు రోజులైతే ఎలాగో మూలుగుతా. రోజూ అంటే ఈ వయసులో నా వల్ల కాదు."

అర్ఫాకు పొలమారింది. మంచినీళ్ళు తాగించి, వీపు నిమిరి, ఆ పిల్ల ఊపిరి పీల్చుకునేసరికి నలుగురూ నవ్వుతున్నారు. గుల్షన్ మాత్రం సగం నవ్వులోనే ఆగిపోయింది.

"పోనీ, మళ్ళీ పొదిలి వెళ్ళాలని ఉందా?" అని అడిగింది.

"అది కాదు. గది ఇంకా ఖాళీ చేయలేదు. సామాను తెచ్చుకోవాలి," అన్నాడు మాలిక్. నిజానికి సామాను తెచ్చేస్తే అక్కడికి వెళ్ళే కారణం ఉండదని వాయిదా వేస్తున్నాడు. అది మాత్రం చెప్పలేదు.

"నేనూ వస్తా," అంది గుల్షన్.

ఆమె ఆ గది ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడనుకున్నా పెళ్ళిళ్ళ సీజనో, అత్తగారి జ్వరమో, అర్ఫా పరీక్షలో అడ్డొచ్చేవి. ఆయనే వస్తారు కదా అని ఊరుకునేది.

ఆ తర్వాత వచ్చిన రెండో శనివారం సెలవు రోజున ఇద్దరూ పొదిలి బస్టాండులో దిగారు. దిగిన దగ్గర నుంచీ గుల్షన్‌కు వింతగానే ఉంది. టీ కొట్టతను "సారూ, మమ్మల్ని మర్చిపోయారనుకున్నా" అంటూ బెంచీ తుడిచాడు. మెడికల్ షాపు ముందు నిలబడ్డ ముసలాయన ఎవరో మాలిక్ భుజం మీద ఒక్కటి వేసి, "నువ్వు లేక మా జట్టు వరసగా ఓడిపోతోందయ్యా" అన్నాడు.

"ఏం జట్టు?" అంది గుల్షన్.

"వాలీబాల్," అన్నాడు మాలిక్ చెప్పులు చూసుకుంటూ. "సాయంకాలాలు ఊరికే ఆడేవాళ్ళం."

"మీరా? వాలీబాలా?"

గది యజమాని మరియదాసు రిటైర్డ్ కాంపౌండరు. గేటు దగ్గరే ఎదురొచ్చి చేతులు జోడించాడు. "రండమ్మా. మిమ్మల్ని చూడటం ఇదే మొదలు కానీ, మీ సంగతులన్నీ నాకు తెలుసు. మీకు పిల్లులంటే భయమట కదా? పెళ్ళైన కొత్తలో పిల్లిని చూసి సారు వీపెక్కారట!"

గుల్షన్ మొగుడి వైపు చూసింది. అతను పగలబడి నవ్వుతున్నాడు. తల వెనక్కి వేసి, పొట్ట పట్టుకుని, సందు చివరికి వినపడేలా. ఆ నవ్వు ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంట్లో అతను పద్ధతిగా నవ్వేవాడు, చుట్టాలింట్లో నవ్వినట్టు.

గది చిన్నదే. ఇస్త్రీ చొక్కాలు, కిటికీలో తులసి, మూల ఒంటి పొయ్యి. గోడ మీద అర్ఫా చిన్నప్పుడు గీసిన ఏనుగు. మధ్యాహ్నం మాలిక్ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, ఎండు రొయ్యలు వేసి వంకాయ కూర వండాడు. ఉల్లిపాయలు ఎంత సన్నగా తరిగాడంటే గుల్షన్ దగ్గరికొచ్చి మరీ చూసింది.

ఒక ముద్ద తిని ఆగింది. "ఇంత బాగా వండుతారని నాకు చెప్పలేదేం?"

"ఆదివారాలు నన్ను వంటింట్లోకి రానిచ్చావా ఎప్పుడైనా? 'అలిసిపోయి వచ్చారు, కూర్చోండి' అనేదానివి."

గుల్షన్ ఇంకో ముద్ద కలిపింది కానీ నోట్లో పెట్టుకోలేకపోయింది. "నేను ఎదురుచూసింది శనివారం సంచీ పట్టుకుని వచ్చే ఆయన కోసమండీ. ఆయన ఇంక రారు. మీరేమో నాకు తెలీనే తెలీదు." ముద్ద పళ్ళెంలోనే వదిలేసి ఏడవసాగింది. "ఇన్నేళ్ళ కాపురం చేసి, మీరు వాలీబాల్ ఆడతారని ఎవరో మాట ఎత్తితే తెలిసింది."

మాలిక్ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన ఇంట్లో ఉప్మా చేస్తారని తనకు మాత్రం తెలుసా? మగ్గం ముందు అంతసేపు వంగి కూర్చుంటే భార్యకు మెడ నొప్పి పుడుతుందని, ఈ రెండు వారాల్లోనే కదా చూశాడు.

"ఏడవకు. కూరలో ఉప్పు సరిపోయింది," అన్నాడు. గుల్షన్ ఏడుస్తూనే నవ్వేసింది.

సాయంత్రం మరియదాసు దంపతులకు తాళం అప్పగించి, సామాను బస్సు వెనక వేయించి బయలుదేరారు. దర్శి దాటాక రెండు వైపులా దుక్కి చేసి వాన కోసం ఆగిన నల్లటి పత్తి చేలు. అద్దంకిలో బస్సు ఆగింది. మాలిక్ టీ తెస్తానని దిగాడు. గుల్షన్ కిటికీలోంచి చూస్తోంది. రెండు కప్పులు చేత్తో పట్టుకుని, టీ కొట్టు దగ్గర ఎవరితోనో మాటల్లో పడ్డాడు. పాత స్టూడెంటు కాబోలు. మళ్ళీ ఆ నవ్వు.

కండక్టరు విజిల్ వేశాడు. మాలిక్ వినలేదు. బస్సు కదిలింది.

"ఆపండి!" గుల్షన్ లేచి నిలబడి అరిచింది. "ఆపండయ్యా! మా ఆయన! మా ఆయన ఎక్కలేదు!"

బస్సంతా తిరిగి చూసింది. డ్రైవరు బ్రేకు వేశాడు. మాలిక్ టీ ఒలకబోసుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ పక్కన కూలబడ్డాడు. ఒక కప్పులో ఏమీ మిగల్లేదు. రెండో దాంట్లో సగం ఉంది.

"ఎందుకంత అరిచావు? వెనకాల ఇంకో బస్సు ఉంది. అందులో వచ్చేవాణ్ణిగా," అన్నాడు.

"ఉంటే ఉండనీ," అంది గుల్షన్. "నాకు మీరు ఇందులోనే కావాలనిపించింది."

మాలిక్ సగం కప్పు టీ ఆమె చేతికిచ్చాడు. ఆమె కాస్త తాగి, మిగిలింది అతనికిచ్చింది.